మనోడు, మేస్త్రీ

సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయింది 2014 ఫిబ్రవరి 4న. ఆ రోజు నుంచీ తెలుగు ఇళ్ళలో ఆ పేరు మనిషి పేరుగా కంటే రుజువుగా ఎక్కువ వాడుకలో ఉంది. చదివితే ఏమవుతుందో, అమెరికా పోతే ఏమవుతుందో చూపించే రుజువు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఏ ఇంట్లో కూర్చున్నా పది నిమిషాల్లో ఆ పేరు వస్తుంది, "మనోడు" అనే మాటతో సహా. నాకున్న ప్రశ్న ఇది: ఒకరి ఎదుగుదలని ఇంకొకరికి సలహాగా ఇవ్వొచ్చా? ఇస్తే అందులో ఏ భాగం ఇవ్వాలి?

ముందు ఆయన ప్రతిభ సంగతి. అది అనుమానించాల్సిన విషయం కాదు. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 22 ఏళ్ళు అక్కడే పనిచేసి పైకొచ్చారు. ఆయన పగ్గాలు తీసుకున్నప్పుడు కంపెనీ విలువ సుమారు 30 వేల కోట్ల డాలర్లు. 2024 జనవరిలో అది 3 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2001లో లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చింది అప్పటి సీఈఓ స్టీవ్ బామర్. అదే కంపెనీ నాదెళ్ల హయాంలో లినక్స్‌ని విండోస్ లోపలే నడిపించింది, 2018లో గిట్‌హబ్‌ని కొనుక్కుంది. కోడ్ రాసి బతికేవాడిగా నాకు ఇది చిన్న మార్పు కాదని తెలుసు. ఒక పెద్ద సంస్థ పంతాన్ని వదిలించడం కొత్త ప్రోడక్ట్ తయారు చేయడం కంటే కష్టం.

అయితే 2017లో వచ్చిన తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో ఆయనే చెప్పుకున్న సంగతి ఒకటుంది. మనవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోరు. ఆయన ఐఐటీ ప్రవేశ పరీక్ష తప్పారు. తర్వాత మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, మిల్వాకీలో కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. చేశారు. "చూశావా, ఐఐటీ రాకపోయినా ఏం కాలేదు" అని పిల్లలకి ధైర్యం చెప్పేవాళ్ళు ఈ ముక్క వాడతారు. నిజమే, ఆయనకి ఏమీ కాలేదు. ఎందుకు కాలేదు?

మా పనిలో రీట్రై అని ఒకటుంటుంది. ఒక సర్వర్‌ని ఏదో అడుగుతాం, జవాబు రాదు. వెంటనే ప్రోగ్రాం ఆగిపోకుండా మళ్ళీ అడుగుతాం. ఎన్నిసార్లు అడగాలన్నది ప్రోగ్రాం తెలివిని బట్టి ఉండదు, బయట ఎవరో ముందే పెట్టిన అంకెని బట్టి ఉంటుంది. మనుషులకీ అలాంటి అంకె ఉంటుందనుకుంటాను. నాదెళ్ల తండ్రి బి.ఎన్. యుగంధర్ 1962 బ్యాచ్ ఐఏఎస్ అధికారి. తల్లి సంస్కృతం అధ్యాపకురాలు. చదువు బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. ఆ ఇంట్లో ఒక పరీక్ష తప్పడం ఒక పరీక్ష తప్పడమే. దానివల్ల పొలం పోదు, చెల్లెలి పెళ్ళి ఆగదు. నిజాయితీగల అధికారి ఇంట్లో డబ్బు దండిగా ఉండకపోవచ్చు. కానీ తప్పినా మళ్ళీ ప్రయత్నించే వీలుంటుంది. వారసత్వంలో లెక్కకు రానిది ఇదే.

పోయిన ఏడాది మా బావ తన కూతురు చదువు సంగతి మాట్లాడదామని వనపర్తికి రమ్మన్నాడు. అమ్మాయి పాలిటెక్నిక్ తర్వాత బీటెక్ చేసింది, అమెరికాలో ఎం.ఎస్. చేస్తానంటోంది. రెండెకరాలు అమ్మాలి, మిగతాది అప్పు. "ఏందిరా బామ్మర్ది, గంత ఆలోచిస్తవ్? సత్య నాదెళ్ల పోలే? మనోడే గద!" అన్నాడు. అమ్మాయి మాత్రం నన్ను పక్కకి పిలిచి, "మామా, నాకు జాబ్ రాకపోతే నాయిన ఏం జేస్తడు?" అని అడిగింది. ఆ ఇంట్లో నాదెళ్ల జీవితాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ పిల్ల ఒక్కతే. ఎంత దూరం ఎక్కొచ్చని కాదు, పడితే ఎవరి మీద పడతానని అడుగుతోంది.

మా ప్రాంతానికి వలస కొత్త కాదు. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్ని ఆనకట్టల దగ్గర పాలమూరు కూలీలు మట్టి మోశారో! అటు కృష్ణ, ఇటు తుంగభద్ర పారుతున్నా పొలం ఎండిన జిల్లా ఇది, కరువు పీడిత ప్రాంతాల పథకం కిందికి వచ్చిన జిల్లా. ఆ పథకం కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉండేది. యుగంధర్ ఆ శాఖకి కార్యదర్శిగా పనిచేశారు. అంటే మా ఊళ్ళ లాంటి ఊళ్ళ నుంచి జనం పొట్ట చేతబట్టుకుని పోకుండా చూడటం తండ్రి ఉద్యోగంలో భాగం. కొడుకేమో అవే ఊళ్ళలో 'పోతే బాగుపడతారు' అనడానికి ఉదాహరణ అయ్యారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాకపోతే మనం కొడుకు ఫోటోనే ఫ్లెక్సీ మీద వేస్తాం, తండ్రి పని మనకి గుర్తుండదు.

వలసల మధ్య పోలిక కూడా ఉంది. పెళ్ళయ్యాక భార్య అనుని అమెరికా తీసుకెళ్ళడానికి నాదెళ్లకి గ్రీన్ కార్డే అడ్డమైంది. గ్రీన్ కార్డు వచ్చాక పెళ్ళి చేసుకున్నవాళ్ళ భార్యలు ఏళ్ళ తరబడి ఆగాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు వెంట తెచ్చుకోవచ్చు. అందుకని 1994లో ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి పోయి, గ్రీన్ కార్డు వాపసిచ్చి హెచ్-1బికి మారారు. ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన పని ఇది. పాలమూరులో లెక్క తిరగబడి ఉండేది. మొగుడూ పెళ్ళాం కలిసి పనికొస్తామంటేనే అడ్వాన్సు చేతికొచ్చేది. పిల్లలు ముసలోళ్ళ దగ్గర మిగిలిపోయేవారు. ఎవరు ఎవరితో కలిసి బతకాలో నిర్ణయించేది రెండు చోట్లా పని ఇచ్చేవాడి రూలే.

ఆ అడ్వాన్సు ఇచ్చేవాడే మేస్త్రీ. చాలాసార్లు అతనూ ఒకప్పుడు తట్ట మోసినవాడే. మేస్త్రీల్లో మోసం చేసినవాళ్ళు తక్కువేం కాదు. అయినా ఊరు మేస్త్రీని తూచడానికి ఒక కొలత పెట్టుకుంది. ఎంత సంపాదించిండు, ఎన్ని అంతస్తులు కట్టిండు అన్నది తర్వాతి మాట. "తీస్కపోయినోళ్ళను మంచిగ తోలుకొచ్చిండా? లెక్క జేసి ఇచ్చిండా?" ఇవీ మొదటి ప్రశ్నలు. నేను చదివిన నీతిశాస్త్రంలో నాయకత్వం గురించి ఇంతకంటే సూటి ప్రశ్న దొరకలేదు.

ఆ కొలతతో నాదెళ్లని చూడొచ్చా? 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. అమెరికాలో ఉన్నవాళ్ళకి 60 రోజుల ముందస్తు నోటీసు, 6 నెలల ఆరోగ్య బీమా ఇచ్చింది. లెక్క చేసి ఇచ్చిందనే చెప్పాలి. 2025లో మే, జులై నెలల్లో కలిపి దాదాపు 15 వేల ఉద్యోగాలు పోయాయి. ఆ జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో కంపెనీ నికర లాభం 10 వేల కోట్ల డాలర్లు దాటింది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికో, దేశం వదలడానికో దొరికేది 60 రోజులు. ఒకప్పుడు భార్య కోసం అదే వీసాకి మారిన మనిషికి ఆ 60 రోజుల బరువు తెలియకుండా ఉండదు.

దీన్ని కపటం అనడం తేలిక. నేను అనను. సీఈఓ ఊరి మేస్త్రీ కాదు; ఆయన వాటాదారులకి, బోర్డుకి జవాబుదారీ. ఆయన సంతకం పెట్టకపోతే ఇంకొకరు వచ్చి పెడతారు. ఈ వాదనలో బలముంది. కానీ ఇదే వాదనని పొగడ్తకి కూడా వర్తింపజేయాలి కదా. కోతలు కుర్చీవి, కీర్తి మాత్రం మనిషిది అంటే లెక్క కుదరదు.

పైగా సానుభూతి నాయకుడికి అవసరమని ఆయనే పుస్తకం నిండా రాశారు. అది ఊరికే అన్న మాట కాదు. 1996లో పుట్టిన కొడుకు జైన్‌కి సెరిబ్రల్ పాల్సీ. 'నాకెందుకు ఇలా జరిగింది' అని మొదట్లో బాధపడ్డానని, జరిగింది తనకి కాదు కొడుకుకని భార్యని చూసి తెలుసుకున్నానని రాశారు. జైన్ 2022లో చనిపోయాడు. ఆయన హయాంలో వచ్చిన 'సీయింగ్ ఏఐ' యాప్, చేతులు సరిగా కదలని పిల్లలు ఆడుకునే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ మంచి పనులు. ఇవి చూస్తే సానుభూతి డిజైన్‌లోకి ఎక్కగలదని తెలుస్తోంది. ఉద్యోగాల కోత కూడా ఎవరో డిజైన్ చేసిందే. అక్కడికి వచ్చేసరికి మాత్రం సానుభూతి మంచి మాటలతో రాసిన ఈమెయిల్ దగ్గర ఆగిపోతోంది. మనిషిలో లోటుందని కాదు, ఆ కుర్చీ అంతవరకే ఒప్పుకుంటుంది. ఆ హద్దుని మనం చూడకపోతే ఆయన్ని గౌరవించినట్టు కాదు, పటం కట్టి పూజించినట్టు.

మేనకోడలికి నేను చెప్పింది ఇంతే. పోవాలనుంటే పో, నీకు ఆ తెలివి ఉంది. కానీ 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు; ఆయన పోయిన రోజులు ఇవి కావు. ముందు ఇక్కడ రెండేళ్ళు ఉద్యోగం చెయ్యి, కొంత కూడబెట్టు, అప్పుడు పోతే నీ సొంత పూచీ మీద పోతావు. బావతో మాత్రం గట్టిగానే చెప్పాను: "పొలం అమ్మకు బావా. బిడ్డ రేపు ఓడి వస్తే వచ్చేటందుకు ఇల్లుండాలె." ఆయనకి నా మాట నచ్చలేదు. బిడ్డ రెక్కలు విరుస్తున్నానన్నాడు. అట్లా అనుకోవడంలో ఆయన తప్పేం లేదు, పొలం ఆయనకి ఏమిచ్చిందో ఆయనకే తెలుసు.

నాదెళ్లని మనోడు అనడానికి నాకేం అభ్యంతరం లేదు. అయితే ఆ మాటకి మా వైపు ఉన్న అసలు అర్థం వేరు. గెలిచినవాడు మనోడని వేరే చెప్పాలా? ఓడి తిరిగొచ్చిన పిల్లని చూసి, తలుపు తీసి, "రా బిడ్డా, అన్నం తిను" అనగలిగితే, అప్పుడు ఆ మాట వాడుకోవడానికి మనకి హక్కు వస్తుంది.