బకాసురుడి బండి, మినోటార్ ఓడ

మన బోధన్‌నే ఏకచక్రపురం అంటారు కదా. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని ఊళ్ళో పెద్దలు చెప్తారు. గ్రీకు పురాణంలోనూ దాదాపు ఇదే కథ ఉంది. ఏథెన్స్ నగరం 7 మంది అబ్బాయిల్ని, 7 మంది అమ్మాయిల్ని ఓడ ఎక్కించి క్రీట్ దీవికి పంపాలి, ఎద్దు తల ఉన్న మినోటార్‌కి ఆహారంగా. ఇక్కడేమో బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి.

రాక్షసుడు చెడ్డవాడే, దాంట్లో డౌట్ లేదు. నాకు గుచ్చుకునేది ఆ వంతుల లిస్టు. ఇవాళ నీ ఇల్లు, రేపు నా ఇల్లు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. (మా ఆఫీసులో నైట్ డ్యూటీ రోస్టర్ కూడా ఇట్లనే పక్కాగా ఉంటది!) కానీ తప్పెవరిది? పోసైడాన్ దేవుడికి బలి ఇవ్వాల్సిన ఎద్దును దాచుకున్నది క్రీట్ రాజు మైనోస్. మహాభారతంలోనూ ఆ బ్రాహ్మణుడు తమను కాపాడలేని రాజునే తప్పుపడతాడు. పోయేది మాత్రం వంతొచ్చిన ఇంట్లోని మనిషి.

థీసియస్ రాజు కొడుకై ఉండి తానే ఓడ ఎక్కాడు. కుంతి అయితే కొడుకుని పంపింది. ధర్మరాజు ఊరుకోలేదు, భీముడికేమైనా అయితే మన గతేంటని నిలదీశాడు. ఆశ్రయమిచ్చిన ఇంటి రుణం తీర్చాలి, నా బిడ్డ బలం నాకు తెలుసు అందామె. నాకైతే ధర్మరాజు అడిగింది కూడా న్యాయమే అనిపిస్తుంది. బలం తెలిసిన భీముడు కాక సహదేవుడొక్కడే ఇంట్లో ఉంటే పంపేదా?

అయితే ఆ ఇంట్లో ఆమె చూసింది కూడా గుర్తుంచుకోండి. తండ్రి, తల్లి, కూతురు, నేను పోతానంటే నేను పోతానని ఏడుస్తున్నారు. మాటలు సరిగ్గా రాని చిన్న పిల్లాడు గడ్డిపుల్ల పట్టుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తా అన్నాడు. కుంతి వాళ్ళ దగ్గరికి వచ్చింది సరిగ్గా అప్పుడే.