పరిశోధన ఎవరి కోసం?

విశ్వవిద్యాలయ పరిశోధన సమాజానికి ఉపకరించాలా, లేక సత్యాన్వేషణే దాని పరమావధి కావాలా అన్న ప్రశ్న పాతదే. ఈ రెండింటికీ వైరం లేదని కలరా చికిత్సా చరిత్ర తెలుపుతుంది.

చిన్నప్రేవు గ్లూకోజుతోపాటు సోడియాన్నీ గ్రహిస్తుందని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించినప్పుడు ఆయన అన్వేషించినది జీవకణ ధర్మాన్నే గాని, కలరాకు మందును కాదు. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సిరలలోకి ఎక్కించే సెలైన్ చాలలేదు. అప్పటికే ఢాకా, కలకత్తాలలో రోగులపై పరీక్షించి చూసిన మార్గాన్ని వైద్య పరిశోధకుడు దిలీప్ మహలనబిస్ అనుసరించారు. ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే త్రాగింపజేశారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి.

మందు కనుగొనమని క్రేన్‌ను శాసించి ఉంటే ఆ సూత్రం దొరికేదని చెప్పలేము. అది గ్రంథాలయానికే పరిమితమై ఉంటే ఆ ప్రాణాలు దక్కేవీ కావు. కనుక పరిశోధకుని ధర్మం సమాధానం కనుగొనడంతో ముగియదు; అది ఎవరికి అవసరమో విచారించడం కూడా అందులో భాగమే. ప్రచురిత పత్రాల సంఖ్యతో ప్రతిభను కొలిచే విద్యాసంస్థలు ఈ రెండవ శ్రమను సైతం విద్వత్తుగా గౌరవించాలి. అప్పుడే యువ పరిశోధకులు ప్రయోగశాల గడప దాటడానికి వెనుకాడరు.