పల్చటి రక్తం

జన్వాడలో ఓ వైద్య శిబిరం. రక్తపరీక్షల బల్ల దగ్గర కొత్తగా ల్యాబ్ చదువు పూర్తి చేసిన కుర్రాడు, పక్కన రిటైరయినా ఇంట్లో ఊరుకోలేని పెద్ద టెక్నీషియనమ్మ.

కుర్రాడిది మంచి చేయే. వేలు పొడిచాక మొదటి చుక్క తుడిచేసేవాడు. తర్వాతి చుక్క రెండు మూడు మిల్లీమీటర్లకు మించనిచ్చేవాడు కాదు. రెండో స్లైడును 30 డిగ్రీల వాలుగా ఆనించి వెనక్కి జరిపి, నెత్తురు అంచు పొడవునా పాకేదాకా ఆగి, ఒక్క ఊపున ముందుకు తోసేవాడు. ఆ రక్తపు పూత (స్మియర్) స్లైడులో మూడింట రెండొంతులు పరుచుకుని, చివర ఈకలా పల్చబడి ఆగేది. పొద్దుట్నుంచీ ప్రతిదీ అంతే. ఆ హుషారులో రోనాల్డ్ రాస్ కథ ఎత్తుకున్నాడు: "1897ల మన సికింద్రాబాద్‌లనే గదమ్మా, దోమ కడుపుల మలేరియా దొరికింది!"

"దోమను కోసేముందు, అది కుట్టిన మలేరియా రోగి హుసేన్ ఖాన్ నెత్తురు కూడ చూసిండు బిడ్డా. పని కానీ" అందామె.

పూలతోటలో కూలికి పోయే ఒకావిడ వచ్చి కూర్చుంది. కింది రెప్ప లాగితే తెల్లగా పాలిపోయి ఉంది. కుర్రాడు అదే వాలు, అదే ఊపు. నెత్తురు పరుగెత్తి స్లైడు కొస దాటిపోయింది. ఈకలాంటి తోకే లేదు. రెండోదీ అంతే.

"నీ రక్తం నీళ్లలెక్క ఉందక్కా, నిలుస్తలేదు" అని విసుక్కున్నాడు.

ఆవిడ తలొంచుకుంది, తనేదో తప్పు చేసినట్టు.

పెద్దమ్మ స్లైడు అందుకుంది. "రక్తం పల్చగున్నదనే గద ఆమె వచ్చింది! దాన్నే తిడితే ఎట్ల?" తోసే స్లైడును ఇంకాస్త నిటారుగా లేపి, చురుగ్గా తోసింది. స్మియర్ పొట్టిగా, తోకతో సహా నిలిచింది. ఆరాక లీష్మన్ రంగు, రెండు నిమిషాలకు దానికి రెట్టింపు బఫర్ నీళ్లు. మైక్రోస్కోపులో, కణాలు ఒకదానిమీదొకటి ఎక్కని చోట చూస్తే, ఎర్రకణాలు చిన్నవిగా, నడుమ వెలవెలబోతూ కనిపించాయి. ఇనుము లోపం కావచ్చని డాక్టరుకు అక్కడే తోచింది.

నీతి: అందరికీ ఒకే కొలత పెట్టడాన్ని మనం న్యాయమంటాం గానీ, చాలాసార్లు అది మన చేతి అలవాటే. ఆ కొలతకు లొంగనివాళ్లనే తప్పుపడతాం. రేషన్ కౌంటర్లోనూ బడిలోనూ చూసేదే ఇది. నిజానికి బాగా వచ్చే స్మియర్లన్నీ ఆరోగ్యవంతులవైతే చేయి గొప్పదని చెప్పడానికి లేదు. సాయం ఎక్కువ కావలసినవాళ్ల నెత్తురే పల్చగా జారుతుంది. రేపు చిక్కటి రక్తం వస్తే కుర్రాడు స్లైడును ఇంకాస్త వాల్చాలి.