పొడగరి కాళ్ళకు చోటు

కొలత మనిషికి లొంగవలెనా, మనిషి కొలతకు లొంగవలెనా అను ప్రశ్న పాతదే. ఇంగ్లండులో జనులు ఇంటి కొట్టములలో తామే కట్టుకొను స్పోర్ట్సు కార్లను గూర్చి చదివినపుడు అది మాకు మరల తోచినది.

1957లో కాలిన్ చాప్‌మన్ వెలువరించిన లోటస్ సెవెన్ కారును పలువురు విడిభాగములుగా కొని యింటనే కూర్చుకొనిరి. 1996లో రాన్ ఛాంపియన్ గ్రంథము వచ్చిన పిదప, ఆ మాదిరి చట్రమును ఉక్కు గొట్టములతో స్వయముగా అతుకుకొనువారును బయలుదేరిరి. అందు ఆరడుగులు మించినవాడు కూర్చుండెనా, మోకాళ్ళు స్టీరింగు చక్రమునకు తగులును. వెడల్పాటి బూటు ఒకేసారి రెండు పెడళ్ళను త్రొక్కును. సీటును వెనుకకు జరుపుదమన్న ఇరుసు అడ్డము. నేలరేకును దించుదమన్న బండి అడుగు రోడ్డును గీచుకొనును. సీటు మెత్తను తీసివేయుట చౌక యుపాయమే గాని, దూరప్రయాణమున నడుము దానికి వడ్డీ కట్టును.

అడ్డువచ్చిన గొట్టమును కోసివేయుదమను బుద్ధి అప్పుడే పుట్టును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఆ గొట్టము చట్రమునకంతకు బలము. తన ప్రాణమును తానొడ్డుకొనుట వేరు. ప్రక్కన నమ్మి కూర్చున్నవానికి తెలియకుండ వాని ప్రాణము నొడ్డుట వేరు. కర్మాగారము సగటు మనిషిని జూచి కొలత పెట్టితినని తప్పించుకొనును. తనకై కట్టుకొనువానికి ఆ సాకును లేదు. అతుకుటకు ముందే చట్రమును పొడిగించి గీచుకొనుట న్యాయము. కేటర్‌హామ్ సంస్థయు పొడగరులకై పెద్ద చట్రమును వేరుగా చేయుచున్నది.

అయినను, రేపు ఆ కారును పొట్టివాడు కొనినచో పాదము బ్రేకున కందవలదా? పెడళ్ళను ముందువెనుకలకు జరుపుటకు వీలుగా బోల్టులకు మరి రెండు వరుసల రంధ్రములు తొలిచి యుంచువాడే మాకు నచ్చినవాడు. అది ఒక సాయంకాలపు పని.