నడిసముద్రంలో ఎవరి మాట ముందు?

రోలుగుంటలో ఎక్కడ నిలబడినా సముద్రం కనబడదు. కానీ అదే అనకాపల్లి జిల్లాలో పూడిమడక ఉంది, పక్కనే విశాఖ ఫిషింగ్ హార్బర్ ఉంది. అక్కడి మరబోట్లు ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని రోజుల తరబడి వేటకు పోతాయి. ఇప్పుడు వాటికీ ఇంటర్నెట్ కావాలి. బోటు యజమాని షాపుకి వెళ్ళి మంచి రౌటర్ ఏదని అడుగుతాడు. షాపువాడు స్పీడు చెబుతాడు, ధర చెబుతాడు, వారంటీ చెబుతాడు. బేరం అక్కడితో తెగిపోతుంది. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇద్దరి మధ్యా మిగిలిపోతుంది. ఆ బోటులో యజమాని తరఫున సరంగు ఉంటాడు, కూలికో వాటాకో వచ్చిన కళాసీలు ఉంటారు, ఒడ్డున వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఉంటారు. అందరి మాటలూ ఒకే సన్నని దారిలో పోవాలి. ఎవరి మాట ముందు పోవాలో, ఎవరిది ఆగాలో ఆ పెట్టె తేలుస్తుంది. మరి ఆ వరుసను నిర్ణయించే హక్కు ఎవరిది, ఏ ప్రమాణం మీద? ఇది ధర్మశాస్త్రం ప్రశ్న అని నా వాదన. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా కొన్న రౌటర్ ఎంత ఖరీదైనదైనా గుడ్డిగా కొన్నదే.

ఆ దారి ఎంత సన్ననిదో ముందు చూడాలి. ఒడ్డున టవరు 40 మీటర్ల ఎత్తు ఉండి, బోటు మీద యాంటెన్నా 4 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. భూమి వంపు లెక్క ప్రకారం వాటి మధ్య సంకేతం నేరుగా అందే దూరం సుమారు 34 కిలోమీటర్లు. యాంటెన్నాను 9 మీటర్లకు ఎత్తితే అది 38 అవుతుంది. అంత కష్టపడితే దక్కేది నాలుగు కిలోమీటర్లు. వీల్‌హౌస్‌లో జేబులో ఉన్న ఫోనుకైతే అంత దూరం కూడా రాదు. అందుకే బోటుకు పెట్టే రౌటర్‌కు బయటి యాంటెన్నా తగిలించుకునే వీలుండాలి, రెండు కంపెనీల సిమ్ములు పట్టాలి. యాంటెన్నా నుంచి పొడుగాటి సన్న వైరు కిందకి లాగితే సంకేతం దారిలోనే హరించుకుపోతుంది. కాబట్టి రౌటర్‌ను యాంటెన్నా దగ్గరే బిగించి కిందకి ఈథర్నెట్ కేబుల్ దింపడం మేలు. మరీ ఎక్కువ గెయిన్ ఉన్న యాంటెన్నా కూడా పనికిరాదు. దాని పుంజం పలచన, బోటు ఊగినప్పుడల్లా అది ఆకాశాన్నో నీళ్ళనో చూస్తుంది. ఇంజను స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది, అప్పుడు ఆగి మళ్ళీ మొదలయ్యే రకం వద్దు. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి గనక నీరు చొరని పెట్టె కావాలి. ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఆ దూరం దాటాక టవరు అందదు, ఇక ఉపగ్రహమే దిక్కు. అక్కడ డేటా ఖరీదు ఎక్కువ, దారి ఇంకా ఇరుకు. సరిగ్గా ఆ సమయంలో ఎవరి ఫోనులోనో ఒక యాప్ తనంతట తాను అప్‌డేట్ మొదలుపెడుతుంది. అడిగినవాడు లేడు, చూసేవాడు లేడు. సరంగు ఎదురుచూస్తున్న వాతావరణ హెచ్చరిక ఆ అప్‌డేట్ వెనక వరుసలో నిలబడుతుంది. యంత్రం తప్పేమీ చేయలేదు. దానికి ఎవరూ వరుస చెప్పలేదు, అంతే.

వరుస చెప్పకపోతే ఏమవుతుందో చరిత్రలో ఒక రాత్రి ఉంది. 1912 ఏప్రిల్ 14న టైటానిక్ మీద రౌటర్ లేదు గానీ ఆ పని చేసే మనుషులు ఇద్దరు ఉన్నారు, మార్కొనీ కంపెనీ వైర్‌లెస్ ఆపరేటర్లు. ప్రయాణికుల సొంత టెలిగ్రాములు పంపడం వాళ్ళ ముఖ్యమైన పని, కంపెనీకి రాబడి అక్కడే. ముందురోజు యంత్రం చెడిపోవడంతో టెలిగ్రాములు గుట్టగా పేరుకున్నాయి. ఆ రాత్రి ఒక ఆపరేటర్ వాటిని కేప్ రేస్ స్టేషన్‌కు పంపుతూ ఉండగా, దగ్గర్లో ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ తాము మంచు మధ్య ఆగిపోయామని చెప్పబోయింది. నోరు మూసుకో, పనిలో ఉన్నానని జవాబు వెళ్ళింది. కాలిఫోర్నియన్ ఆపరేటర్ కాసేపటికి సెట్టు కట్టేసి పడుకున్నాడు. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే, 11:40కి, టైటానిక్ మంచుకొండను గుద్దింది. ఆపద సంకేతాలు మోగుతున్నంతసేపూ అతి దగ్గరి ఓడ చెవులు మూసుకుపోయి ఉన్నాయి. ఇక్కడ తప్పు ఆ యువకుడి మొరటుతనంలో వెతకడం సులువు. కానీ అతని ముందున్న మాటల కట్టకు ఒక వరుస ఉంది, ఆ వరుసను డబ్బు నిర్ణయించింది. అతను దాన్ని నమ్మకంగా పాటించాడు. ఆ ప్రమాదం తర్వాతే 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. అలాంటి ఒప్పందం కాగితం మీద రాసుకోవడానికి పదిహేను వందల మంది పోవలసి వచ్చింది.

వరుస ఉండాలన్నది ఒప్పుకుంటే, దానికి కొలబద్ద ఏమిటి? మన న్యాయదర్శనం ఈ విషయంలో చాలా పదునుగా ఆలోచించింది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానంతో పాటు శబ్దాన్ని కూడా జ్ఞానానికి మార్గంగా ఒప్పుకున్నారు నైయాయికులు. అయితే ప్రతి శబ్దాన్నీ కాదు, ఆప్తుడి మాటనే. ఎవరు ఆప్తుడు? విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది తెలుసుకున్నట్టే చెప్పాలని కోరుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని భాష్యకారుడు వాత్స్యాయనుడు తేల్చి చెప్పాడు. పుట్టుకను బట్టి, హోదాను బట్టి మాటకు విలువ రాదు. బోటుకు ఈ కొలబద్దను వర్తింపజేస్తే చాలా సంగతులు తేటపడతాయి. ఎత్తైన అలల గురించి హెచ్చరించే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది హైదరాబాదులో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో. అయినా సముద్రంలో తేలే బోయాల నుంచి, ఉపగ్రహాల నుంచి కొలతలు తీసుకుని చెబుతుంది గనక ఆప్తవాక్యమే. అదే న్యాయం తిరగేసి చూడండి. అలను కళ్ళారా చూస్తున్న కళాసీ కూడా ఆప్తుడే. బోటుకు నీళ్ళు ఎక్కుతున్నాయని అతను చెప్పే మాట యజమాని ఆజ్ఞ కన్నా, చేపల ధర కన్నా ముందు పోవాలి. దారి రెండు వైపులా తెరిచి ఉండాలన్నది ఇందులోంచే వస్తుంది. ఇస్రో మొదట చేసిన ఆపద పరికరం సంకేతం పంపేది గానీ, అది అందిందో లేదో పంపినవాడికి తెలిసేది కాదు. రెండో తరం పరికరం అందిందని తిరిగి చెబుతుంది. మునుగుతున్న మనిషికి ఈ రెంటి మధ్య తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

గంగమ్మ తల్లిని నమ్ముకుని పోయేవాళ్ళకు ఈ పెట్టెలెందుకు, ఇది నమ్మకం సడలడం కాదా అనేవాళ్ళున్నారు. వేటకు పోయే ముందు బోటుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టే ఆచారాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఆచారం పాటించిన తాతలే మబ్బు రంగు చూశారు, గాలి మళ్ళింపు చూశారు, చుక్కల్ని బట్టి దారి పట్టారు. అమ్మవారి మీద భక్తి ఉందని కళ్ళు మూసుకుని తెప్ప దించినవాడు ఎవడూ లేడు. చూసే కన్ను, వినే చెవి నమ్మకానికి శత్రువులని వాళ్ళు అనుకోలేదు. ఆ చెవి ఇప్పుడు కొంచెం దూరం వింటోంది. నమ్మకం చెడేది వేరే చోట: పెట్టె ఉంది కదా అని తుపాను హెచ్చరికను లెక్కచేయక ఇంకొక రోజు వేట చేద్దామన్నప్పుడు. అప్పుడు చెడింది భక్తీ, బుద్ధీ రెండూ.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఏకాంతం గురించినది. సముద్రం మీద మనిషికి మిగిలిన ఒక్క నిశ్శబ్దాన్నీ రీల్స్‌తో నింపేస్తారా అని. ఇందులో నిజముంది. రాత్రంతా వల లాగిన మనిషి నిద్ర మానుకుని తెర చూస్తే మరునాడు విన్చ్ దగ్గర చేయి పోగొట్టుకోవచ్చు. కానీ ఏకాంతం గురించి అందరికన్నా తెలిసినవాళ్ళు ఏం చేశారో చూద్దాం. విశాఖ దగ్గర సముద్రానికి ఎదురుగా తొట్లకొండ మీద, అనకాపల్లి పక్కన శంకరంలోని బొజ్జన్నకొండ మీద బౌద్ధ భిక్షువులు ఉండేవారు. ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు. అయినా వినయ నియమం ప్రకారం ఒక సీమలోని భిక్షువులంతా పక్షానికోసారి ఉపోసథం అనే సమావేశానికి చేరాలి. జబ్బుపడి రాలేనివాడు తన మాటను ఇంకొక భిక్షువు ద్వారా పంపాలి. అంటే లోకాన్ని వదిలినవాడికీ మాట పంపే దారి ఉండి తీరాలన్నారు. పైగా ఆ ఏకాంతం వాళ్ళు ఎంచుకున్నది. కళాసీ ఏకాంతం ఎంచుకుని సముద్రానికి పోలేదు, పొట్టకూటికి పోయాడు. అతని భార్య పురుటి కబురు పదిరోజుల తర్వాత అందడంలో వైరాగ్యమేమీ లేదు. రీల్స్‌కు మందు రౌటర్‌లోనే ఉంది: వీడియోను ఆపి, మాటను, అక్షరాన్ని పోనిచ్చే నియమం పెట్టవచ్చు. ఆ నియమం పెట్టే వీలులేని రౌటర్‌ను బోటెక్కించకూడదు.

ఇక డబ్బు పెట్టేవాడిది పెత్తనమన్న వాదన. యజమాని కట్టే బిల్లు గనక అతను చెప్పినట్టే నడవాలట. అతనికి బోటు ఎక్కడుందో తెలియాలన్న కోరిక న్యాయమైనదే. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు పోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర విడుదల కాలేదు. సరిహద్దు దగ్గర పడుతోందని చెప్పే పరికరం ఎంత అవసరమో ఆ ఇళ్ళవాళ్ళకు తెలుసు. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం లక్ష బోట్లకు అలాంటి ట్రాన్స్‌పాండర్లు బిగించేందుకే. అయితే కన్ను ఒకవైపే ఉంటే అది కాపలా కాదు, నిఘా. చేపలు పడే చోటు సరంగుకు ఏళ్ళ తరబడి కూడిన విద్య, దాన్ని అందరికీ బయటపెట్టమంటే అతను స్విచ్ ఆపేస్తాడు. స్విచ్ ఆపిన రోజే ఆపద వస్తే దోషం అతనొక్కడిదేనా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన చేపలవేట ఒప్పందం, బోటులో ప్రతి మత్స్యకారుడికీ వీలైనంత మేర సమాచార సౌకర్యం అందాలని, దానికి వసూలు చేసేది యజమానికి అయ్యే ఖర్చును మించకూడదని చెబుతుంది. వాణిజ్య నౌకల నావికులకు ఇంటర్నెట్ కల్పించాలన్న సవరణ 2024 డిసెంబరు 23న అమలులోకి వచ్చింది. బిల్లు కట్టినవాడికి దారి మీద హక్కు ఉంటుంది గానీ, ఆ దారిలో ఇంకొకడి నోరు నొక్కే హక్కు రాదు.

రోలుగుంటలో ఈ మాట ఎత్తితే ఇంకొక ప్రశ్న ఎదురవుతుంది, అది నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇదే మండలంలో ఆర్ల పంచాయతీ కొండల మీది గిరిజన గూడేలవాళ్ళు రోడ్డు కోసం ఏళ్ళుగా అడుగుతున్నారు, రోగిని డోలీలో మోసుకు దిగుతున్నారు. వాళ్ళకే దిక్కులేనప్పుడు బోట్ల మీద ఇంటర్నెట్ గురించి ధర్మచర్చా? ఈ ప్రశ్న అడగడం న్యాయం. కానీ ఇది నా వాదనను కొట్టేయడం లేదు, కొండ మీదికి తీసుకుపోతోంది. పురుటినొప్పుల కబురు కొండ దిగడానికి, నీళ్ళెక్కుతున్న కబురు ఒడ్డు చేరడానికి ఒకటే ధర్మం. రెండు చోట్లా దారి సన్ననిది, రెండు చోట్లా ఆప్తుడు ఉన్నాడు, వినవలసినవాడే దూరంగా ఉన్నాడు. ఒకరికి అందలేదని ఇంకొకరికి ఆపడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఆపద సంకేతాన్ని రౌటర్ మీద ఆధారపడనివ్వకండి. వరుసలో నిలబడకూడని మాటను అసలు వరుసలోకే దించకూడదు. దానికి సొంత బ్యాటరీతో పనిచేసే విడి పరికరం, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు ఉండాలి. రౌటర్‌లో మొదటి చోటు వాతావరణానికి, రెండోది ఇంటికి పోయే మాటకూ సందేశానికీ, తర్వాత చేపల ధర, యజమాని లెక్క. వీడియో, అప్‌డేట్ హార్బర్‌కు వచ్చాక. ఈ వరుసను పాటించగల రౌటర్ చవకదైనా కొనండి, పాటించలేనిది ఉచితంగా ఇచ్చినా వద్దనండి. మన తూర్పు తీరంలో మరబోట్ల వేట ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఆగుతుంది. బోట్లు రేవులో కట్టేసి ఉండే ఆ 61 రోజుల్లో యజమాని, సరంగు, కళాసీలు ఒకచోట కూర్చుని ఆ వరుస కాగితం మీద రాసుకోండి. షాపుకు ఆ తర్వాత వెళ్ళండి.