ప్రయోగశాలయు పంచసూనలును

గత సంవత్సరము మా పాఠశాలలో లవణపరీక్షలు చేయించుచు, సీసము కలిసిన ద్రావణమును మేము సింకులో పాఱబోసితిమి. "ఇది ఎక్కడికి పోతుంది మాస్టారూ?" అని యొక బాలిక యడిగినది. మురుగుకాలువలోనికని చెప్పి పాఠము సాగించితిమి. ఇరువది యేండ్లుగా బోధించుచున్న మాకు ఆ ప్రశ్న యొకనాడును తోచకుండుట సిగ్గుపడదగిన విషయము.

పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ - ఈ యైదింటివలన గృహస్థునకు ప్రాణిహింస తప్పదని తలచి స్మృతికారులు వానిని పంచసూనలనిరి. పంచమహాయజ్ఞములను పరిహారముగా విధించిరి. ఆ కర్మకాండను మేమిచట సమర్థింపబోము. అందలి న్యాయ మొక్కటి గ్రహింపదగినది. వంట యింటిల్లిపాది యాకలిని తీర్చును. అయినను పొయ్యివలని దోషము లేదని వారనలేదు. జ్ఞానము కొఱకు చేయు పని యనగానే ప్రయోగశాల కీ లెక్క తప్పునా?

రోగములకు మందు వెదకువారిని కరెంటు లెక్కలడుగుట యల్పత్వమని కొందఱందురు. మాకును మొదట నట్లే తోచినది. కాని నమూనాలను మైనస్ 80 డిగ్రీల చలిలో దాచు ఫ్రీజరు, పాతదైనచో, దినమునకు 20 యూనిట్లకు పైగా తినివేయును. దానిని మైనస్ 70కి మార్చినచో నందు నూటికి సుమారు 30 పాళ్లు మిగులును. పెక్కు నమూనాల కందువలన హాని లేదు. ఇక లోపల ఎవరివో యెప్పటివో తెలియని సీసాలెన్ని! మన యటకలమీది పాత సామాను వంటివే యవియును. వానిని తీసివేసినచో ఏ రోగికి మం దాలస్యమగును?

హీలియము సంగతి ఇంతకంటె కఠినము. 1868 ఆగస్టు 18న గుంటూరులో సూర్యగ్రహణమును పరీక్షించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ పేరు ఆ వాయువు చరిత్రలో నిలిచినది. భూగర్భమున యురేనియము, థోరియము క్షయించుటచే యుగయుగములుగా కూడిన యీ వాయువు గాలిలో కలిసెనా, క్రమముగా అంతరిక్షమున కెగిరిపోవును. అయస్కాంతములను చల్లబఱచుటకు దీనిని వాడు ప్రయోగశాలలు కొన్ని, ఆవిరియైనదానిని పట్టి మరల ద్రవముగా మార్చుకొనుచున్నవి. అందులకు వలయు యంత్రముల వెల హెచ్చు. ఆ వెలను పరిశోధనవ్యయములో చేర్చుమని ధనమిచ్చువారే యడుగవలెను. పరిశోధకు నొక్కని మనస్సాక్షికి విడిచిపెట్టుట న్యాయము కాదు.

మా తరగతిలో నిప్పుడు లవణపరీక్షలు పింగాణీ పలకమీద చుక్కలతో జరుగుచున్నవి. రంగులు మునుపటివలెనే స్పష్టముగా కనబడుచున్నవి. సీసము కలిసిన శేషమును మూతగల సీసాలో కూర్చుచున్నాము. అది నిండిన పిమ్మట ఎవరి కప్పగింపవలెనో చెప్పగలవారు మా యూర నింకను దొరకలేదు.