బీరు ఫ్రిజ్‌కు ఉద్దేశం ఉందా?

అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇంట్లో బీరు చేసుకోవడం ఫెడరల్ స్థాయిలో చట్టబద్ధమైంది. ఆ సరదా ఉన్నవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఉష్ణోగ్రత. ఏల్ రకం ఈస్ట్‌కు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి, లాగర్ ఈస్ట్‌కు పది డిగ్రీల దరిదాపుల్లో చల్లదనం కావాలి. వంటింటి ఫ్రిజ్ మాత్రం నాలుగైదు డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందుకని పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి, దాని కరెంటును రిలే అనే స్విచ్ గుండా పంపి, పులిసే పాత్రకు సెన్సర్ అంటించి, రెంటినీ ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు కలుపుతారు. సెన్సర్‌ను ఫ్రిజ్‌లో గాలికి వేలాడదీస్తే లాభం లేదు. పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది కనుక చుట్టూ ఉన్న గాలి కన్నా పాత్ర వెచ్చగా ఉంటుంది. ఆగిన కంప్రెసర్‌ను వెంటనే మళ్లీ నడిపితే లోపలి గ్యాసు పీడనం సర్దుకోక మోటారు దెబ్బతింటుంది, కాబట్టి కొన్ని నిమిషాలు ఆగమని ప్రోగ్రాములో రాస్తారు. ఆపేశాక కూడా ఫ్రిజ్ గోడల చలువ కాసేపు పనిచేస్తూనే ఉంటుంది. మంచి ప్రోగ్రాము దాన్ని లెక్కవేసుకుని ముందే ఆపుతుంది. ఇంత చేసే పెట్టెను చూసి అది ఓపిక పడుతోందని, ముందుచూపుతో మెలగుతోందని అనకుండా ఉండటం కష్టం.

అలా అనడం ఒట్టి అలంకారం కాదని వాదించిన పెద్దలున్నారు. లక్ష్యానికీ స్థితికీ మధ్య తేడాను కొలిచి దిద్దుకోవడమే ఉద్దేశమని 1943లో రోసెన్‌బ్లూత్, వీనర్, బిగెలో ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. కృత్రిమ మేధ ఆద్యుల్లో ఒకరైన జాన్ మెకార్తీ 1979లో ఇంకో అడుగు ముందుకు వేసి, థర్మోస్టాట్‌కు సైతం నమ్మకాలు ఉన్నాయనవచ్చన్నాడు. మరుసటి ఏడే తత్వవేత్త జాన్ సెర్ల్ ఆ మాటను ఎద్దేవా చేశాడు. ఈ తగవు మనకు కొత్తేమీ కాదు. తెలివిలేని పాలు దూడ పెరుగుదల కోసం స్రవించినట్టే జడమైన ప్రకృతి, చైతన్య స్వరూపుడైన పురుషుడి మోక్షం కోసం పనిచేస్తుందని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో చెప్పాడు. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరుడు దీన్ని ఒప్పుకోలేదు: ఆవు చేతన కలది, దూడ మీది ప్రేమే పాలను చేపిస్తోంది, కాబట్టి ఆ ఉదాహరణలోనూ జడం ఒంటరిగా ఏమీ చేయడం లేదు.

శంకరుడి అభ్యంతరం ఫ్రిజ్‌కు చక్కగా అతుకుతుంది. ఉదాహరణకు 19 డిగ్రీలు కావాలన్న అంకె పెట్టె తానుగా కోరుకున్నది కాదు, బీరు కావలసిన మనిషి నొక్కినది. దీన్ని ఒప్పుకోక తప్పదు. కానీ ఆ పెట్టె పక్కనే, పాత్రలో, ఇంకో సాక్షి ఉంది. లాగర్ ఈస్ట్‌కు చలి ఇష్టమన్న అంకెను ఎవరు నొక్కారు? బవేరియాలో 1516 నాటి బీరు చట్టం బార్లీ, హాప్స్, నీళ్ల పేర్లే చెప్పింది. ఈస్ట్ ఊసే లేదు. అదొక జీవి అని అప్పటివాళ్లకు తెలియదు. మడ్డి దాచి మళ్లీ వాడుతూ తెలియకుండానే వాళ్లు మేలు రకాలను ఏరారు కదా అనవచ్చు. ఏరారు నిజమే. అయితే చలికి తట్టుకునే గుణం మాత్రం సాకరోమైసిస్ యూబయానస్ అనే అడవి ఈస్ట్ నుంచి సంకరం ద్వారా వచ్చింది. 2011లో పటగోనియా అడవుల్లో దొరికిందని ప్రకటించిన ఈస్ట్ అది. చలిలో బతకగలిగినవి మిగలడం వల్ల ఏర్పడిన గుణానికి బీరు కాచేవాడి కోరికతో సంబంధం లేదు. ఆవు ప్రేమలాంటిది ఇక్కడ వెతికినా కనబడదు.

అంతర్యామి అయిన ఈశ్వరుడే ఆ అంకె పెట్టాడని వేదాంతి అనవచ్చు. కార్యానికి జ్ఞానమూ ఇచ్ఛా ప్రయత్నమూ ఉన్న కర్త ఉండాలన్న ఉదయనాచార్యుడి నైయాయిక వాదం అటే నడుస్తుంది. అలా నమ్మేవారితో పేచీ లేదు. అయితే ఈశ్వరుణ్ణి నిరూపించడానికి ఈస్ట్‌ను సాక్ష్యంగా తెచ్చి, ఈస్ట్‌ను వివరించడానికి ఈశ్వరుణ్ణి తెస్తే రుజువు మొదలైన చోటే ఆగుతుంది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది: ఉద్దేశంలా కనబడేదంతా చేతన లేకుండానే జరిగితే మనిషికీ పెట్టెకూ తేడా ఏముంది? తేడా ప్రవర్తనలో వెతికితే దొరకదు. హీటరు తగిలించి 45 నొక్కండి, కంట్రోలర్ అంతే శ్రద్ధగా 45ను కాపాడుతుంది. లోపల ఈస్ట్ చచ్చినా దానికి పోయేదేమీ లేదు. ఈస్ట్‌కు మాత్రం పోయేది ప్రాణమే, కాబట్టి మేలు కీడు అన్న మాటలు దాని పట్ల నిజంగా వర్తిస్తాయి. అంతమాత్రాన దానికి బాధ తెలుసని చెప్పలేం. పని చేయడం, తనకంటూ మేలు ఉండటం, ఆ మేలును ఎరగడం మూడూ వేరు. పురుషుణ్ణి పని చేయని సాక్షిగా నిలిపిన సాంఖ్యం ఇందులో మొదటిదాన్నీ చివరిదాన్నీ సరిగ్గానే విడదీసిందని నా అభిప్రాయం. ప్రకృతి పనంతా పురుషుడి కోసమే అన్నప్పుడు మాత్రం ఆ ‘కోసం’ ఎక్కణ్ణుంచి వచ్చిందో అది చెప్పలేకపోయింది. శంకరుడు పట్టుకున్నది సరిగ్గా ఆ లోపాన్నే. ఆయన ప్రశ్న నిలుస్తుంది, జవాబు నిలవదు. లోకంలో క్రమం ఉంది గనుక దాన్ని కోరినవాడొకడు ఉండి తీరాలన్న నిర్ధారణకు ఈ ఆధారం చాలదు. ఈశ్వరుడి పక్షాన వాదించేవారు ఇంకో ప్రమాణం చూపాలి.